మాదేముంది అనకుండ్రి

కరోనా తగ్గిన తర్వాత రెండో ఏడు. వానాకాలం నాట్లు ముగిశాయి. పటాన్‌చెరు నుంచి లోపలికి వచ్చి, కిష్టారెడ్డిపేట అపార్ట్‌మెంట్లు దాటితే ఇంకా కొన్ని మడులు మిగిలిన ఊళ్ళు ఉన్నాయి. వాటిలో ఒకటి మాది. పేరు రాయను. మా వాళ్ళు ఇప్పటికీ అవే ఆఫీసుల మెట్లు ఎక్కాలి. నేను పేరు రాసి వాళ్ళకు కొత్త చిక్కు తేను.

నా పని డప్పు చాటింపు. పంచాయతీ ఊరికి ఏదైనా చెప్పాలనుకుంటే నన్ను పిలుస్తుంది. నల్లా నీళ్ళు రావనో, పశువులకు సూదులు వేస్తారనో వాడవాడా తిరిగి నేను చెప్పాలి. ఆఫీసువాళ్ళు దీన్ని ‘టాం టాం’ అంటారు. ఇప్పుడు మైకు ఆటోలు వచ్చాయి, ఫోన్లలో వాట్సాప్ వచ్చింది. అయినా భూమి సంగతి వస్తే మాత్రం ‘టాం టాం వేయించితిమి’ అని ఫైల్లో రాసుకోవాలి కనుక అప్పుడు నేను గుర్తుకొస్తాను.

గొంతుంటే చాలు కదా, ఇందులో పనితనమేముంది అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. ఉంది. జనం పొలానికీ ఫ్యాక్టరీ షిఫ్టుకూ పోకముందు ఒకసారి, మాపటికి ఇల్లు చేరాక ఒకసారి చాటాలి. పట్టపగలు చాటితే కుక్కలు వింటాయి. దెబ్బ కూడా ఒకటి కాదు. చావు దెబ్బ వేరు, పెండ్లి దెబ్బ వేరు, సర్కారు చాటింపు దెబ్బ వేరు. పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి కూడా దెబ్బ విని, వచ్చేది ఎవరి మాటో చెప్పేస్తుంది. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఏమిటంటే, సర్కారు దెబ్బ కొట్టినప్పుడు సొంత మాట కలపకూడదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే చెప్పాలి. డప్పు మంట మీద ఎలా కాచాలో నేర్పకముందే మా నాయిన నాకు ఇది నేర్పాడు.

వెనకట నోటితో చెబితే నోటితో చాటేవాళ్ళం. తర్వాత కాగితం చేతికిచ్చి ‘చదివి చాటు’ అనడం మొదలైంది. ఎవరో చదివి చెప్పాలి, నేను అరవాలి. చదివినవాడు సగం మింగితే ఊరికి సగమే చేరుతుంది. అందుకే యాభై దాటాక బడి వరండాలో పెద్దల క్లాసుకు పోయి అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. దాని గురించి సిగ్గు లేదు.

ఆ వానాకాలం పంచాయతీ సెక్రెటరీ నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు. వయసులో చిన్నవాడు, చెడ్డవాడు కాదు, భయస్తుడు. కాగితం మూడుసార్లు చదివాను. ‘కన్జర్వేషన్ జోన్ నుండి రెసిడెన్షియల్ జోన్‌నకు భూ వినియోగ మార్పిడి ప్రతిపాదనపై అభ్యంతరములు, సలహాలు స్వీకరించుటకై…’ అని ఉంది. అక్షరాలన్నీ తెలుసు. ముక్క ఎక్కలేదు.

“ఏంది సార్ ఇది?” అన్నాను.

“ఏం లేదు పోచన్నా. పొలం జాగను ఇండ్ల జాగ చేస్తరంట. వద్దనేటోళ్ళుంటే సభకొచ్చి చెప్పాలె. నువ్వు రాసినట్టే చదువు, అయిపోతది.”

“రాసినట్టు చదివితే ఎవలకు సమజైతది?”

“కాకుంటే మనకేంది? చాటినవా లేదా, గంతే ఆళ్ళకు కావాల్సింది.”

జోన్ అంటే పెద్ద మాట కాదు. పట్నం ఆఫీసు నక్షా మీద రంగులు పూసి, ఈ రంగులో పంటలే ఉండాలి, ఈ రంగులో ఇండ్లు కట్టొచ్చు అని పెడుతుంది. మా చెరువు కింది పొలాలు పచ్చరంగులో ఉన్నాయి. ఎగువన ఉన్న భూములను ఒక వెంచర్ కంపెనీ అప్పటికే కొనేసింది. ప్లాట్లు చేసి అమ్మాలంటే రంగు మారాలి. రంగు మారితే రోడ్డు కావాలి. ఆ రోడ్డు గీత నక్షా మీద తిన్నగా వచ్చి సత్తెమ్మ బాయి మీదుగా పోయింది.

సత్తెమ్మకు ఆ బాయి, దాని చుట్టూ ఎకరంపావు భూమి తప్ప ఏమీ లేవు. మొగుడు పోయి చాలా ఏండ్లయింది. పాలకూర, కొత్తిమీర, మెంతికూర పెంచి తెల్లారేసరికి ఆటోలో పటాన్‌చెరు మార్కెట్‌కు పోతుంది. చుట్టుపక్కల బోర్లలో ఫ్యాక్టరీల పుణ్యమా అని నురగ నీళ్ళు వస్తున్నా ఆ బాయిలో మాత్రం ఇంకా మనిషి నోట్లో పోసుకునే నీళ్ళు ఉన్నాయి. బాయి పూడితే ఆ భూమి ఉన్నా లేనట్టే. బతుకంతా ఆ బాయి మీద నిలబడి ఉంది.

కంపెనీ సిగ్గులేనితనం ఒకటి చెబుతాను. పెద్ద రోడ్డు మీద వాళ్ళు బోర్డు పెట్టారు. ‘పచ్చదనం మధ్య మీ సొంత ఇల్లు’ అని రాశారు. కింద పొలం ఫోటో, పైనుంచి డ్రోన్‌తో తీసింది. ఆ పచ్చదనం సత్తెమ్మ పాలకూర మడి. ఆమె చీర కూడా చుక్కలా కనబడుతుంది. ఏ మడిని చూపించి అమ్ముతున్నారో ఆ మడినే తవ్వి రోడ్డు వేస్తారట.

నేను కాగితం రాసినట్టే చాటాను. కట్టుబాటు కదా. “ఏంది పోచన్నా, మళ్ళ రేషన్ కార్డులా?” అని ఒకరు అడిగారు. ఆగి విడమరిచి చెప్పాను. అడిగినవాళ్ళకు తెలిసింది, అడగనివాళ్ళకు తెలియలేదు. సభకు వచ్చినవాళ్ళు తక్కువ.

బడి ఆవరణలో టెంటు వేశారు. బల్ల అవతల పట్నం ఆఫీసరు, ఆయన పక్కన రాసుకునే క్లర్కు, ఆయన పక్కన కంపెనీ మేనేజరు. కంపెనీ మనిషి అర్జీ పెట్టుకున్నవాడు. అర్జీదారుడికి తీర్పు చెప్పేవాడి పక్కన కుర్చీ ఎందుకు వేశారని అక్కడున్న చదువుకున్నవాళ్ళు ఒక్కరూ అడగలేదు. రైతులు మాత్రం నేల మీద జంపఖానా మీద కూర్చున్నారు.

ఆఫీసరు పేరు పేరునా పిలిచాడు. ముందుగా సత్తెమ్మను.

“అమ్మా, మీ భూమి మీదుగా రోడ్డు వస్తుంది. మీకేమైనా అభ్యంతరమా?”

సత్తెమ్మ లేచి, కొంగు భుజం మీదుగా తీసుకుని దండం పెట్టింది. “మాదేమున్నది సారూ. మీరు పెద్దోళ్ళు, మీ దయ,” అంది.

మా పక్క మనుషులకు ఇది తెలుసు. ఇది మాట కాదు, మాటకు ముందు వేసే పీట. పెద్ద కులపాయన ముందైనా, ఆఫీసరు ముందైనా, ఆఖరికి అత్తగారి ముందైనా మొదట మాదేమున్నది అంటాం. ఆ తర్వాత గొంతు సర్దుకుని అసలు సంగతి చెబుతాం. సత్తెమ్మ గొంతు సర్దుకుంటోంది.

“అభ్యంతరం లేదు. రాసుకోండి,” అన్నాడు ఆఫీసరు. “నెక్స్ట్.”

“గట్ల కాదు సారూ, ఇంకా చెప్పనేలే…”

“చెప్పారు కదమ్మా. కూర్చోండి.”

తర్వాత కిష్టయ్య లేచాడు. డెబ్బై ఏండ్ల మనిషి, సత్తెమ్మ పక్క చేనాయన. ఆయనా అదే. “మాదేమున్నది దొరా.” అభ్యంతరం లేదు, నెక్స్ట్. తర్వాత ఇంకొకరు. ఒక్కొక్కరు చేతులు జోడించడం, మొదటి ముక్క అనడం, క్లర్కు గీకేయడం. మర్యాదగా పుట్టినందుకు మనుషుల నోట్లో మన్ను కొడుతున్నారు.

చివర్లో క్లర్కు మినిట్స్ చదివాడు. మినిట్స్ అంటే సభలో ఎవరేమన్నారో రాసుకున్న రాత. ‘భూ యజమానులు ప్రతిపాదన పట్ల సుముఖంగా ఉన్నారు’ అని చదివాడు. జనం తల ఊపారు. సుముఖం అంటే ఏదో మంచి మాటే అనుకున్నారు. కిష్టయ్య నా చెవిలో, “మనను మెచ్చుకుంటున్నడా?” అన్నాడు.

నేను లేచాను. “సార్, సుముఖమంటే ఏంది?”

క్లర్కు విసుగ్గా చూశాడు. “అంటే ఇష్టపడుతున్నారని. ఒప్పుకున్నారని.”

టెంటు కింద అందరూ ఒకేసారి లేచారు. “ఎవలొప్పుకున్నరు? మేమెప్పుడన్నం?” అని కేక. ఆఫీసరు బల్ల చరిచాడు. ఈ గోల మొదలుపెట్టింది నేనని నా వైపు తిరిగాడు.

“నువ్వెవరు? నీ సర్వే నంబరు ఎంత?”

“నాకు భూమి లేదు సార్. డప్పుంది.”

“భూమి లేనివాళ్ళకు ఇక్కడ అభ్యంతరం చెప్పే హక్కు లేదు. కూర్చో.”

నేను కూర్చోలేదు, కానీ వాళ్ళు నా మాట రాయలేదు కూడా. మినిట్స్ కింద సంతకాలు పెట్టమంటే ఒక్కరూ పెట్టలేదు. సంతకాలు లేకపోతే సభ చెల్లదు. ఆఫీసరు చెమట తుడుచుకుని, వచ్చే వారం మళ్ళీ పెడతామని కారెక్కాడు. కంపెనీవాళ్ళు తెచ్చిన పులిహోర పొట్లాలు జంపఖానా మీదే మిగిలాయి.

రెండు రోజులకు మేనేజరు మా వాడకు వచ్చాడు. కోస్తా నుంచి ఇక్కడి ప్లాంటులో పనికొచ్చి స్థిరపడిన కుటుంబం వాడు, పటేల్‌గూడలో ఉంటాడు. మాట మెత్తన.

“పోచయ్యగారూ, ఈసారి మీకెందుకండీ శ్రమ? మేము మైకు ఆటో పెడతాం. మీరు పంచాయతీ ముందు రెండు దెబ్బలు కొట్టేస్తే చాలు.”

“ఆటో ఏ టైముకు తిరుగుతది సార్?”

“పదకొండుకి పెడదామనుకుంటున్నామండి.”

“పదకొండుకు ఊర్ల ఎవలుంటరు?”

“ముసలివాళ్ళుంటారు కదండీ.”

“సార్, మీ పటేల్‌గూడ ఇంట్ల నల్లా నీళ్ళొస్తయా?” అని అడిగాను.

“ట్యాంకరండీ. ఎండాకాలం వారానికి రెండు.”

“మరి ఆ బాయి పూడ్పిస్తున్నరు గదా. రేపు ఈ ప్లాట్లు కొన్నోళ్ళు ఏం తాగుతరు?”

ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు నాకు తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

మరునాడు తెల్లారకముందే గడ్డి మంట వేసి డప్పు కాచాను. ముసురు పట్టి తోలు మెత్తబడింది, చాలాసేపు పట్టింది. మొదట సర్కారు దెబ్బ కొట్టి, రెండో సభ కోసం సెక్రెటరీ ఇచ్చిన కాగితం పొల్లు పోకుండా చదివాను. తర్వాత డప్పు ఆపాను. పుల్లలు మార్చి పట్టుకుని వేరే దెబ్బ ఎత్తుకున్నాను. అది చావుది కాదు, పెండ్లిది కాదు, సర్కారుది కాదు. అప్పటికప్పుడు చేతికొచ్చింది. నా మాటను ఎవరూ సర్కారు మాట అనుకోకూడదు కదా.

“సర్కారు మాట అయిపోయింది. ఇగ ఇది నా మాట. సారు ముందట నిలబడితే ముందుగాల వద్దు అనుండ్రి. దండం ఎన్క పెట్టుండ్రి. మాదేముంది అనకుండ్రి. మీదే ఉన్నది.”

ప్రతి వాడలో ఇదే. నలభై ఏండ్ల పనిలో డప్పు మీద నా సొంత మాట చెప్పింది ఆ ఒక్కసారే.

చెప్పడం సులువు, అనడం కష్టం. ఆ సాయంత్రం సత్తెమ్మ బాయి గడ్డ మీద పదిహేను మంది దాకా కూడారు. నేను మోటరు రూము ముందు రాయి మీద ఆఫీసరులా కూర్చున్నాను.

“అమ్మా, మీకేమైనా అభ్యంతరమా?” అన్నాను, గొంతు మార్చి.

సత్తెమ్మ చేతులు జోడించింది. “మాదేమున్నది సారూ…”

అందరూ గొల్లుమన్నారు. ఆమె నాలుక కరుచుకుని, “అయ్యో, అదే వస్తున్నది పోచన్నా. పెండ్లైనప్పటి సంది మా అత్త ముందట అనీ అనీ నాలికె గట్లనే మడత పడ్డది,” అంది.

“మీ అత్త సచ్చి పదేండ్లాయె గదనే,” అన్నాడు కిష్టయ్య.

“ఆమె సచ్చింది గని భయం సావలే. నువ్వన్నా అను జూద్దాం.”

కిష్టయ్య రాయి ముందుకొచ్చి ఛాతీ విరుచుకున్నాడు. “వద్దు… దొరా.”

“దొర తీసెయ్యి,” అన్నాను.

“దొర తీసేస్తే తిట్టినట్టున్నది పోచిగా.”

“తిట్టినట్టుంటే ఉండనియ్యి. ఆళ్ళు మన బాయి పూడుస్తుంటే మనకు తిట్టినట్టు లేదా?”

నవ్వులు ఆగిపోయాయి. చీకటి పడేదాకా ఒక్కొక్కరూ వచ్చి నా ముందు నిలబడి వద్దు అన్నారు. కొందరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత చిన్న మాట అనడానికి ఇంత కష్టమైతే, ఎన్ని తరాలు ఈ మనుషుల మెడలు వంచి ఉంటారో ఆలోచించండి.

రెండో సభకు ఊరంతా వచ్చింది. ఆఫీసరు పిలిచాడు. సత్తెమ్మ లేచింది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని గట్టిగా పట్టుకుంది, వాటంతట అవే లేస్తాయేమోనని.

“అభ్యంతరమా అమ్మా?”

“వద్దు.”

“ఏం వద్దు?”

“రోడ్డు వద్దు. మా పొలాలు ఇండ్ల జాగ చేసుడు వద్దు. నా బాయి నాకుండాలె. దాని మీదనే బతికిన. నా భూమి నేను అమ్మలే, అమ్మబోను. రాసుకో సారూ.”

క్లర్కు కలం పట్టుకుని ఆఫీసరు మొహం చూశాడు. ఆఫీసరు తల ఊపాడు. రాశాడు. ఆ తర్వాత వరసగా వద్దు, వద్దు, వద్దు. కిష్టయ్య కూడా దొర లేకుండా అన్నాడు. అని, కూర్చునే ముందు మనసొప్పక దండం పెట్టాడు. మినిట్స్ చదివించి, ప్రతి ముక్కకూ అర్థం అడిగి, అప్పుడు సంతకాలు పెట్టారు.

మరుసటి వారం సెక్రెటరీ నన్ను పిలిచి, నేను ప్రజలను రెచ్చగొట్టానని పైనుంచి మాట వచ్చిందని, ఇకముందు చాటింపుకు నన్ను పిలవరని చెప్పాడు. “నా చేతిల లేదు పోచన్నా,” అన్నాడు. నిజమే, అతని చేతిలో ఏదీ లేదు.

ఏడాది తిరక్కముందే ఆర్డరు వచ్చింది. ఎగువ భూములకు రంగు మారింది, అవి కంపెనీవే కదా. కింది పొలాల్లో వద్దన్నవాళ్ళ భూములు వదిలేశారు. సత్తెమ్మ బాయి మీది రోడ్డు గీత తీసేశారు. ఆ రోజు సత్తెమ్మ కొత్తిమీర కట్టలు తెచ్చి మా వాడలో ఇంటింటికీ ఇచ్చింది. మేం గెలిచామనుకున్నాం.

గీత తీసేశారు సరే, రోడ్డు మాత్రం కావాలి కదా వాళ్ళకు. అది ఎటు జరిగిందో కొలతల రాళ్ళు పాతిన రోజు తెలిసింది. చెరువు కట్ట పక్క నుంచి మా వాడ బొందలగడ్డ మీదుగా జరిగింది. మా నాయినను, అమ్మను, నా మొదటి బిడ్డను పూడ్చిపెట్టిన జాగ. నేను ఆఫీసుకు పోయి అడిగాను. అదే ఆఫీసరు.

“ఆ జాగా మీద ఎవరికీ పట్టా లేదు. అభ్యంతరాలేవీ రాలేదు,” అన్నాడు.

“నేను సభల నిలబడితే కూసోమన్నవు గద సార్.”

“అప్పుడు రోడ్డు అక్కడ లేదు కదయ్యా.”

చూడండి ఈ తెలివి. రోడ్డు లేనప్పుడు నాకు హక్కు లేదు. రోడ్డు వచ్చాక సభ లేదు. పట్టా ఉన్నవాళ్ళు వద్దంటే, ఆ బరువును వద్దనే హక్కు లేనివాళ్ళ మీదకు, అదీ నోరులేని చచ్చినవాళ్ళ మీదకు జరిపి, అందరి అభ్యంతరాలూ పరిశీలించామని ముద్ర వేస్తారు.

ఈ సంగతి విని సత్తెమ్మ మార్కెట్ మానుకుని నాతో ఆఫీసుకు వచ్చింది. బల్ల ముందు నిలబడి, “బొందలగడ్డ మీద రోడ్డు వద్దు,” అంది.

“మీ బావి వదిలేశాం కదమ్మా. ఇది మీ భూమి కాదు.”

“నా బాయి కోసం ఈయన పని పోగొట్టుకున్నడు. ఆయన నాయినను తొక్కుకుంట పోయే రోడ్డు నాకేం సంబురం? నా పేరు మీద రాసుకో.”

రాసుకోలేదు. ఊరికి తిరిగొచ్చి కిష్టయ్యతో సహా పట్టాదారులందరూ అర్జీ మీద సంతకాలు చేశారు. మా వాడవాళ్ళం కూడా చేశాం, సర్వే నంబరు రాయాల్సిన చోట ఖాళీ వదిలి. ఆ అర్జీ మీద ఇంకా జవాబు రాలేదు. రాళ్ళు మాత్రం పాతే ఉన్నాయి. వాటి పక్కన మేము వంతులవారీగా కూర్చుంటున్నాం, పట్టాదారులూ మా వాడవాళ్ళమూ.

ఈ సంగతి నాకు నేర్పింది ఇది. నేను నా జనానికి వద్దు అనడం నేర్పాను, అది సగమే. వద్దన్న తర్వాత ఆ సభలోనే, ఆ బల్ల ముందే, ‘మరి ఎటు తీస్తవు, చెప్పు’ అని అడగాలి. చెప్పేదాకా కదలకూడదు. ఇక పనికి సంబంధించి ఇంకొకటి. సర్కారు మాటను ఊరికి చేర్చడానికి తరతరాలుగా మా ఇంటి మనుషులను పెట్టుకున్నారు. ఊరి మాటను సర్కారుకు చేర్చడానికి ఇన్నేండ్లలో ఒక్క మనిషిని పెట్టలేదు. అది మరిచిపోయి జరిగింది కాదు.